గ్రెప్, సెడ్, ఆక్, పెర్ల్: తెలుగు ఫైలు మీద ఏ పనికి ఏది పట్టాలి

టెర్మినల్‌లో టెక్స్టు ఫైలుతో పని మొదలుపెట్టేవారికి గ్రెప్, సెడ్, ఆక్, కట్, సార్ట్, పెర్ల్ అనే కమాండ్లన్నీ ఒకే వరసలో నిలబడి కనిపిస్తాయి. ఒకదాని పని ఇంకొకదానితో కొంతవరకు చేయించవచ్చు కూడా. అందుకే చాలామంది మొదట నేర్చుకున్న దానితోనే అన్నీ నెట్టుకొస్తారు. ఇంగ్లిషు ఫైలు మీద ఆ అలవాటు వల్ల పోయేది కాస్త సమయమే. తెలుగు ఫైలు మీద అలా చేస్తే అక్షరాలు విరిగిపోతాయి, లేదంటే ఏ హెచ్చరికా లేకుండా తప్పు లెక్క వస్తుంది. విరిగిన అక్షరం కంటికి కనబడుతుంది. తప్పు లెక్క కనబడదు, కాబట్టి దానితోనే ఎక్కువ జాగ్రత్త.

ఎంపికకు ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పనికి కొలమానం ఏది? లైనా, లైనులోని ఒక ముక్కా, కాలమా, అక్షరమా? లైను అయితే గ్రెప్. లైను లోపల ముక్కను మార్చాలంటే సెడ్. కాలమ్‌లు, కూడికలు అయితే ఆక్. గుణింతాలు, ఒత్తుల దాకా దిగాల్సి వస్తే పెర్ల్. కొటేషన్లున్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక), జేసన్ (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపం) ఫైళ్లకు ఈ నాలుగూ సరిపోవు. ఈ హద్దులు తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చెదురుతాయో చూద్దాం.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాం. టైపు చేసేటప్పుడు వాటి పేర్లన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాలే. ఆప్షన్లలో మాత్రం చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ అర్థం మారుతుంది. పెద్దదైన చోట పెద్ద అని చెప్పాం, చెప్పని చోట చిన్నదే.

ముందు ఫైలు ఏ రకమో తెలియాలి

ఏ పరికరం పట్టేముందైనా ఫైల్ అనే కమాండును మైనస్ ఐ తో నడపండి (మ్యాక్‌లో పెద్ద ఐ). యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే మామూలు పద్ధతి) అని వస్తే ముందుకు వెళ్లవచ్చు. యూటీఎఫ్-16 అని వస్తే, అది పాత నోట్‌ప్యాడ్‌లో 'యూనికోడ్' అని సేవ్ చేసినదో, ఎక్సెల్ నుంచి 'యూనికోడ్ టెక్స్ట్' గా తీసినదో అయి ఉంటుంది. అలాంటి ఫైలులో గ్రెప్‌తో తెలుగు మాట వెతికితే ఏమీ దొరకదు, ఎందుకు దొరకలేదో కూడా చెప్పదు. ఐకాన్వ్ కమాండుకు మైనస్ ఎఫ్ తర్వాత పాత ఎన్‌కోడింగ్, మైనస్ టి తర్వాత యూటీఎఫ్-8 ఇచ్చి కొత్త ఫైలుగా మార్చుకోండి.

తెర మీద తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపు కనబడితే సమస్య వేరు. అది అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన మ్యాటరు కావచ్చు. అందులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మలు కట్టిన ఇంగ్లిషు కోడ్లు. దాన్ని ఫాంట్ కన్వర్టరుతో యూనికోడ్‌లోకి తెచ్చేదాకా గ్రెప్ గానీ పెర్ల్ గానీ చేయగలిగేది లేదు. ప్రెస్సుల నుంచి వచ్చిన ఫైళ్లలో ఇది తరచుగా ఎదురవుతుంది.

యూటీఎఫ్-8 ఫైలులో కూడా మూడు మెలికలు దాగుంటాయి. మొదటిది, ఫైలు తలలో కనబడకుండా కూర్చునే 3 బైట్ల గుర్తు, బీఓఎం. అది ఉంటే మొదటి లైనుకు ^ తో (లైను మొదలు అని అర్థం) చేసే పోలిక తప్పుతుంది, మొదటి కాలమ్ శీర్షిక సరిపోలదు. రెండోది, విండోస్ నుంచి వచ్చిన లైను చివరి క్యారేజ్ రిటర్న్ అనే కనబడని గుర్తు. దానివల్ల $ తో (లైను ముగింపు అని అర్థం) చేసే పోలిక, ఆక్‌లో చివరి కాలమ్ పోలిక రెండూ విఫలమవుతాయి. డాస్2యూనిక్స్ కమాండు ఈ రెండింటినీ తీసేస్తుంది. మూడోది, మధ్యలో సగం తెగిన అక్షరాలు. అవి ఉంటే గ్రెప్ 'బైనరీ ఫైలు' అని చెప్పి లైన్లు చూపడం ఆపేస్తుంది. అలాంటి లైన్లను పట్టడానికి చక్కటి ఉపాయం ఒకటుంది: యూటీఎఫ్-8 లోకేల్‌లో (లోకేల్ అంటే ప్రోగ్రాములు ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ పాటించాలో చెప్పే అమరిక) గ్రెప్‌కు ఎ, ఎక్స్, వి ఆప్షన్లు కలిపి '.*' అని నమూనా ఇవ్వండి. చెల్లని బైట్లున్న లైన్లే బయటికొస్తాయి.

ఒక అక్షరం, ఎన్ని లెక్కలు

తెలుగు అనే మాటను తీసుకోండి. మన కంటికి 3 అక్షరాలు. యూనికోడ్‌కి 6: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి డిస్కు మీద 18 బైట్లు. ఏ పరికరం ఈ మూడు లెక్కల్లో దేన్ని పట్టుకుంటుందో తెలిస్తే ఎంపికలో సగం పూర్తయినట్టే.

డబ్ల్యూసీ కమాండు మైనస్ సి తో బైట్లు, మైనస్ ఎం తో యూనికోడ్ గుర్తులు లెక్కిస్తుంది (లైను చివరి గుర్తును కూడా కలుపుతుంది). లినక్స్‌లోని గ్నూ టీఆర్ (ఒక గుర్తును ఇంకో గుర్తుగా మార్చే కమాండు) బైట్లనే చూస్తుంది. గ్నూ కట్‌లో మైనస్ సి అంటే అక్షరాలు అని రాసి ఉన్నా చాలా సిస్టమ్‌లలో బైట్లుగానే కోస్తుంది. కాబట్టి 'మొదటి 10 అక్షరాలు' అడిగితే 3 గుర్తులు, నాలుగోదాని తొలి బైటు వస్తాయి. ఆ బైటు నల్ల వజ్రంలో ప్రశ్నార్థకంగా తేలుతుంది.

టీఆర్ విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. తెలుగు అంకెలు ౦ నుంచి ౯ దాకా మామూలు అంకెలుగా మార్చాలని టీఆర్‌కి రెండు వరసలూ ఇస్తే, అది అంకెకు అంకెను కాక బైటుకు బైటును జత కడుతుంది. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు ఒకటే. ఆ ఒక్క బైటు మారగానే ఫైలులోని ప్రతి తెలుగు అక్షరం, అంకె కానివి కూడా, చెడిపోతుంది. ఇదే పనికి సెడ్‌లో వై ఆదేశం ఉంది: వై తర్వాత /౦౧౨౩౪౫౬౭౮౯/0123456789/ అని రాస్తే చాలు. యూటీఎఫ్-8 లోకేల్‌లో సెడ్ గుర్తుకు గుర్తును జత కడుతుంది. మ్యాక్‌లోని టీఆర్ తెలుగును సరిగానే చూస్తుంది, కానీ స్క్రిప్టు రేపు లినక్స్ సర్వరెక్కే అవకాశముంటే సెడ్‌నే వాడండి.

వెతకడం: గ్రెప్, దాని పరిమితి

లైన్లు ఏరడానికి గ్రెప్‌ను మించింది లేదు. మాట ఉన్నది ఉన్నట్టు వెతుకుతుంటే పెద్ద ఎఫ్ ఆప్షన్ పెట్టండి. చుక్కలు, బ్రాకెట్లకు ప్రత్యేకార్థం పోతుంది, వేగమూ పెరుగుతుంది. మైనస్ ఐ తెలుగుకు అనవసరం, మనకు పెద్దబడి, చిన్నబడి లేవు. మైనస్ సి ఇచ్చేది లైన్ల లెక్క, మాట ఎన్నిసార్లు వచ్చిందన్నది కాదు. శతకంలో మకుటం పద్యానికి ఒకసారే వస్తుంది కాబట్టి అక్కడ మైనస్ సి సరిపోతుంది. వ్యాసంలో ఒక మాట లెక్క కావాలంటే మైనస్ ఓ పెట్టి డబ్ల్యూసీ మైనస్ ఎల్ కి పైపు చేయాలి, అంటే | గుర్తుతో ఫలితాన్ని దానికి అందించాలి.

అసలు చిక్కు తెలుగు లిపిలోనే ఉంది. 'కల' అని వెతికితే కలం, కలి, కలుపు, కల్పన, సకల అన్నీ వస్తాయి. ఎందుకంటే ల లోని అకారానికి విడిగా గుర్తు లేదు, గుడి, కొమ్ము, పొల్లు, సున్న అన్నీ ల తర్వాత చేరేవే. పూర్తి మాట కోసం ఉన్న మైనస్ డబ్ల్యూ దీన్ని తీర్చుతుందనుకుంటారు. తెలుగుకు దాన్ని నమ్మకండి. పొల్లును మాటలో భాగంగా లెక్కపెట్టకపోతే కల్పనలో 'కల' దగ్గరే మాట అయిపోయిందనుకుంటుంది. లెక్కపెట్టినా విభక్తులు చేరిన రూపాలు జారిపోతాయి: 'ఊరు' కి ఊరికి, ఊళ్లో, ఊళ్ల ఏవీ దొరకవు. విభక్తులతో సహా కావాలంటే మారే భాగాలన్నీ చేత్తో రాయాలి. పెద్ద ఇ ఆప్షన్‌తో ఊ(రు|రి|ళ్ల|ళ్లో) అన్న నమూనా ఇలాంటి పనికి.

ఖచ్చితంగా 'కల' మాత్రమే కావాలంటే గ్నూ గ్రెప్‌లోని పెద్ద పి ఆప్షన్ వాడండి. అది పెర్ల్ తరహా నమూనాలను ఒప్పుకుంటుంది. మాట తర్వాత 'ఇక్కడ అక్షరంగానీ, గుణింతపు గుర్తుగానీ రాకూడదు' అనే ముందుచూపు షరతు, మాట ముందు అలాంటిదే వెనుకచూపు షరతు పెట్టాలి. అక్షరాల తరగతి పేరు పెద్ద ఎల్. గుణింతాలు, పొల్లు, సున్న ఉన్న తరగతి పెద్ద ఎం. రెంటినీ బ్యాక్‌స్లాష్ పి తర్వాత కర్లీ బ్రాకెట్లలో రాస్తారు. మ్యాక్‌లోని గ్రెప్‌కు పెద్ద పి లేదు, అక్కడ నేరుగా పెర్ల్‌కే వెళ్లండి.

ఫోల్డరు నిండా వందల ఫైళ్లుంటే రిప్‌గ్రెప్ మంచి ఎంపిక. వేగంగా తిరుగుతుంది, మొదట్లోంచే యూనికోడ్ తెలుసు, బీఓఎం ఉన్న యూటీఎఫ్-16 ఫైళ్లను తానే మార్చుకుని చదువుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉన్న ఫైళ్లను, దాచిన ఫైళ్లను అది మాటైనా చెప్పకుండా వదిలేస్తుంది. 'ఎక్కడా లేదు' అని నిర్ణయించేముందు మైనస్ యు రెండుసార్లు ఇచ్చి మళ్లీ వెతకండి.

మార్చడం: సెడ్ ఎక్కడ ఆగాలి, పెర్ల్ ఎక్కడ మొదలవ్వాలి

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగే చోటు ఇదే. సెడ్‌తో 'కల' ను 'స్వప్నం' గా మార్చమంటే 'కలి' లోని కల కూడా మారుతుంది. మిగిలిన గుడి 'స్వప్నం' తర్వాత చుక్కల వలయం మీద వేలాడుతుంది. 'రామ' ను మారిస్తే 'రాముడు' కీ అదే గతి. సెడ్‌లో ముందుచూపు షరతు లేదు. తర్వాత వచ్చే గుర్తును బ్రాకెట్లో పట్టి తిరిగి పెట్టే పద్ధతి ఉంది గానీ, లైను చివర, వరసగా రెండుసార్లు వచ్చిన చోట అది తప్పుతుంది. అందుకని మా సలహా సూటిగా ఇది: తెలుగు మాటను ఇంకో మాటగా మార్చే పనైతే సెడ్ వద్దు, పెర్ల్ వాడండి.

సెడ్‌కు వదిలేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి, వాటిలో దాన్ని మించింది లేదు: లైను చివరి ఖాళీలు తీయడం, 5 నుంచి 20 దాకా లైన్లు చూడటం, ఖాళీ లైన్లు తొలగించడం, అంకెలు మార్చడం, విరామ చిహ్నాలు సరిచేయడం. ఫైలునే నేరుగా మార్చాలంటే మైనస్ ఐ కి ఆనుకుని .బాక్ లాంటి తోక పెట్టండి. లినక్స్‌లోని గ్నూ సెడ్, మ్యాక్‌లోని బీఎస్‌డీ సెడ్ రెండూ ఆ రూపాన్ని ఒప్పుకుంటాయి, పాత ప్రతి కూడా మిగులుతుంది. తోక లేని మైనస్ ఐ మ్యాక్‌లో వేరుగా పనిచేస్తుంది: తర్వాతి మాటనే తోకగా తీసుకుని తికమక దోషం చూపిస్తుంది.

పెర్ల్‌ను తెలుగుకు వాడేటప్పుడు రెండు ఆప్షన్లు జంటగా ఉండాలి. పెద్ద సి, పెద్ద ఎస్, పెద్ద డి కలిసినది చదివే, రాసే ఫైళ్లు యూటీఎఫ్-8 అని చెబుతుంది. పెద్ద ఎం తో యూటీఎఫ్8 మాడ్యూల్ పిలవడం మీరు కమాండులో టైపు చేసిన తెలుగు కూడా యూటీఎఫ్-8 అని చెబుతుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే నమూనా ఎక్కడా సరిపోలదు, మార్పు మాటలో తెలుగు ఉంటే అది గజిబిజి గుర్తులుగా ఫైలులోకి ఎక్కుతుంది. ఫలితాన్ని కొత్త ఫైలులోకి తీసుకుని, డిఫ్‌తో పాతదానితో పోల్చి, అప్పుడు పేరు మార్చుకోండి.

ఛందస్సుకో, ప్రాస వెతకడానికో నిజమైన అక్షరాల లెక్క కావాలంటే కూడా పెర్లే. అందులో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ కంటికి కనబడే అక్షరాన్ని ఒక ముద్దగా పట్టుకుంటుంది. గుణింతాల వరకు అది నమ్మదగినదే. ఒత్తుల దగ్గర వెర్షన్‌ను బట్టి మారుతుంది: 'అమ్మ' ను పాత పెర్ల్ మూడుగా లెక్కపెడుతుంది, ఎందుకంటే పొల్లుతో ముద్ద తెగిపోతుంది. సంయుక్తాక్షరాన్ని కలిపి ఉంచే నియమం తెలుగుతో సహా ఆరు లిపులకు 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. కాబట్టి యంత్రం మారితే లెక్క మారకూడదనుకుంటే ముద్దను మీరే నిర్వచించండి: సున్నా లేదా ఎక్కువ సార్లు హల్లు-పొల్లు, తర్వాత ఒక హల్లు, తర్వాత గుణింతం, సున్న, విసర్గలు, లేదా ఒక అచ్చు, దాని సున్న.

కూడికలు, కాలమ్‌లు: ఆక్

వర్షపాతం ఫైలు ఉందనుకుందాం. ట్యాబ్‌తో విడదీసిన నాలుగు కాలమ్‌లు: జిల్లా, మండలం, తేదీ, మిల్లీమీటర్లు. మండలాల వారీ మొత్తం కావాలి. గ్రెప్, సెడ్ లకు కూడిక రాదు. ఆక్‌లో పెద్ద ఎఫ్ తో ట్యాబ్‌ను విభజన గుర్తుగా చెప్పి, $2 ను (అంటే రెండో కాలమ్‌ను) సూచికగా పెట్టుకున్న పట్టికలో $4 ను కూడుతూ పోయి, చివరి ఎండ్ (పెద్ద అక్షరాల్లో) భాగంలో పట్టికను ముద్రిస్తే పని పూర్తి. పట్టికను ఆక్ ఏ వరసలో ముద్రిస్తుందో చెప్పలేం, అందుకని ఫలితాన్ని సార్ట్‌కి పైపు చేయండి.

తప్పు లెక్కలు పుట్టేది ఇక్కడే. ఆక్ దృష్టిలో '౨౫' సంఖ్య కాదు, విలువ 0. '1,25,000' విలువ 1, ఎందుకంటే మొదటి కామా దగ్గరే చదవడం ఆపేస్తుంది. రెండింటికీ దోష సందేశం రాదు. కాబట్టి కూడికకు ముందు తెలుగు అంకెలను సెడ్‌తో మార్చండి, ఆక్‌లో జీసబ్‌తో $4 లోని కామాలు తీసేయండి.

ఇంకో తప్పు పేర్ల వైపు నుంచి వస్తుంది. 'హైదరాబాద్' లోని ఐత్వం యూనికోడ్‌లో ఒకే గుర్తుగా ఉండవచ్చు, ఎత్వం, దాని కింది భాగం అని రెండు గుర్తులుగానూ ఉండవచ్చు. కంటికి రెండూ ఒకటే, ఆక్‌కి రెండు వేర్వేరు ఊళ్లు. అలాగే 'హైదరాబాద్‌లో' అని విడిగా కనబడటానికి పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు పెడతారు. అది ఉన్న మాట, లేని మాట సరిపోలవు. మొదటిదాన్ని పెర్ల్‌లోని యూనికోడ్::నార్మలైజ్ మాడ్యూల్ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు రూపాలను ఒక్కటిగా చేసే యూనికోడ్ పద్ధతి) తో సరిచేస్తుంది, లేదా ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్. రెండోదాన్ని ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. దాని మూడు బైట్లు అష్టాంశంలో (ఆక్టల్) \342\200\214. షెల్‌లోని ప్రింట్‌ఎఫ్‌తో ఆ గుర్తును పుట్టించి సెడ్‌తో తొలగించవచ్చు. అయితే ఇది వెతుకులాటకు, లెక్కలకు తీసుకున్న నకలు మీదే చేయండి. అసలు ఫైలులో తీసేస్తే 'హైదరాబాద్‌లో' కాస్తా 'హైదరాబాద్లో' గా అచ్చవుతుంది.

ఆక్ అంటే ఒకటే ప్రోగ్రాము కాదన్నది కూడా ఎంపికలో భాగమే. డెబియన్, ఉబుంటులలో మామూలుగా ఉండేది ఎంఆక్. వేగం బాగుంటుంది, కానీ 'తెలుగు' పొడవు అడిగితే 18 అంటుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఉండే జీఆక్ యూటీఎఫ్-8 లోకేల్‌లో 6 అంటుంది. కాలమ్‌ల కూడికకు ఏదైనా ఒకటే. మాటల్లోంచి ముక్కలు కోసే సబ్‌స్ట్ర్, లెంగ్త్ వాడుతున్నారంటే జీఆక్‌ను ఇన్‌స్టాల్ చేసి, కమాండులో కూడా ఆక్ అని కాక జీఆక్ అనే రాయండి.

పద్యాల ఫైళ్లు ఉన్నవారికి ఆక్‌లో ఒక మేలు ఉంది. రికార్డు విభజన గుర్తు ఆర్‌ఎస్ (పెద్ద అక్షరాల్లో) ను ఖాళీగా పెడితే, ఖాళీ లైన్ల మధ్య ఉన్నదంతా ఒకే రికార్డు అవుతుంది. అప్పుడు ఒక మాట వెతికితే ఆ లైను కాదు, పూర్తి పద్యం వస్తుంది. గ్రెప్‌లో ముందు రెండు లైన్లు, వెనక రెండు లైన్లు అని అంచనాగా అడగాల్సిన పని ఇది.

కట్‌ను మాత్రం విభజన గుర్తు ఒకే ఒక్క ట్యాబో కామానో అయి, కాలమ్ మొత్తంగా కావాల్సినప్పుడు వాడండి. రెండు ఖాళీలు పక్కపక్కన ఉంటే మధ్యలో ఖాళీ కాలమ్ ఉందనుకుంటుంది. 3, 1 అని అడిగినా 1, 3 వరసలోనే ఇస్తుంది. వరస మార్చాలంటే ఆక్.

వరస పెట్టడం

సార్ట్‌కు ముందు ఎల్‌సీ_ఆల్=సి (ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో) పెడితే కోడ్ల వరస వస్తుంది, వేగం పెరుగుతుంది, ఏ యంత్రం మీదైనా ఒకే ఫలితం. ఆ వరస మన అకారాదికి చాలా దగ్గర: అచ్చులు, హల్లులు, గుణింతాలు, చివర ఒత్తులు. తేడా ముఖ్యంగా ళ, ఱ దగ్గర. కోడ్లలో ఱ అనేది ర పక్కన, ళ అనేది ల పక్కన ఉంటాయి, పెద్దబాలశిక్ష వరసలోలా హ తర్వాత రావు. నిఘంటువు పట్టిక అచ్చుకిస్తుంటే ఆ రెంటినీ విడిగా చూసుకోండి. రెండు ఫైళ్లను కలిపే జాయిన్, పోల్చే కామ్ వాడేటప్పుడు రెండు ఫైళ్లనూ ఒకే లోకేల్‌లో సార్ట్ చేసి, ఆ కమాండును కూడా అదే లోకేల్‌లో నడపాలి, లేకపోతే సరిపోలాల్సిన లైన్లు జారిపోతాయి.

మళ్లీ వచ్చిన లైన్లను తీసేసే యునీక్ పక్కపక్క లైన్లనే పోలుస్తుంది, ముందు సార్ట్ తప్పనిసరి. సార్ట్ ఫలితాన్ని > గుర్తుతో అదే ఫైలులోకి పంపకండి. సార్ట్ చదవడం మొదలుపెట్టకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. మైనస్ ఓ ఆప్షన్ ఉన్నది అందుకే.

సీఎస్‌వీ, జేసన్

'"గాంధీనగర్, 2వ వీధి"' లాంటి చిరునామా ఉన్న సీఎస్‌వీని కామాతో విడదీస్తే ఆ లైనులో తర్వాతి కాలమ్‌లన్నీ ఒక స్థానం జరుగుతాయి. జీఆక్ 5.3లో, అంటే 2023లో, దీనికోసమే --సీఎస్‌వీ ఆప్షన్ వచ్చింది. అంతకంటే పాతదైతే మిల్లర్ అనే సీఎస్‌వీ పరికరం గానీ, పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్ గానీ వాడండి. జేసన్‌కు జేక్యూ. ఆక్ కమాండు పది లైన్లు దాటుతోందంటే కూడా పైథాన్‌కు మారడం మేలు, మూడు నెలల తర్వాత చదివితే అర్థమవుతుంది.

క్రాన్‌లో పెట్టేముందు

చేత్తో నడిపితే సరిగ్గా వచ్చిన స్క్రిప్టు క్రాన్‌లో (పెట్టిన సమయానికి స్క్రిప్టును తానే నడిపే ఏర్పాటు) తప్పు చేస్తోందంటే మొదట లోకేల్ చూడండి. క్రాన్ చాలాచోట్ల బైట్లనే చూసే సి లోకేల్‌లో నడుస్తుంది. అక్కడ 'తెలుగు' పొడవును జీఆక్ కూడా 18 అనే అంటుంది, సెడ్‌లోని వై ఆదేశం రెండు వరసల పొడవు సమానం కాదని ఆగిపోతుంది, [క-హ] అన్న నమూనా బైట్ల వరసగా మారిపోతుంది. గ్రెప్ పెద్ద ఎఫ్ తో వెతికే తెలుగు మాట మాత్రం అక్కడా సరిగ్గానే దొరుకుతుంది, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక గుర్తు బైట్లు ఇంకో గుర్తు మధ్యలోంచి మొదలై సరిపోలవు. పెర్ల్‌కు పైన చెప్పిన రెండు ఆప్షన్లు ఇస్తే దానికి లోకేల్‌తో పనిలేదు. మిగతావాటికి స్క్రిప్టు మొదట్లోనే ఎల్‌సీ_ఆల్ ను సి.యూటీఎఫ్-8 గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ పేరు మీ యంత్రంలో ఉందో లేదో లోకేల్ మైనస్ ఎ చూపిస్తుంది. లేకపోతే ఆ జాబితాలో యూటీఎఫ్-8తో ముగిసే ఏ పేరైనా పెట్టుకోవచ్చు.